పైలోనిడల్ సైనస్‌కు ఏ ఆపరేషన్? ఎంచుకునే ముందు కుట్టు ఎక్కడ పడుతుందో అడగండి

తోక ఎముకకు కాస్త పైన, రెండు పిరుదుల నడిమి గాడిలో ఒక సన్నని బెజ్జం ఏర్పడి, అందులోంచి అప్పుడప్పుడు చీమో నెత్తురో లోదుస్తులకు అంటుకుంటున్నా, చాలామంది దానిని మొలలనో సెగగడ్డనో అనుకొని నెలల తరబడి ఎవరికీ చెప్పరు. చివరికి సర్జన్ దగ్గరకు వెళ్లి పైలోనిడల్ సైనస్ అన్న పేరు విన్నాక మరో ఇబ్బంది మొదలవుతుంది. ఒక డాక్టరు కోసి కుట్టేస్తామంటారు, మరొకరు కోసి తెరిచి ఉంచుతామంటారు, ఇంకొకరు ఫ్లాప్, అంటే పక్క చర్మాన్ని జరిపి గాయాన్ని మూసే ఆపరేషన్, వేయాలంటారు, వీధి మలుపులోని బోర్డు మీదేమో లేజర్ చికిత్స, అదే రోజు ఇంటికి అని రాసి ఉంటుంది. ఇవన్నీ ఒకే జబ్బుకు చికిత్సలే అయినా, వీటి మధ్య నొప్పిలోనూ, గాయం మానే కాలంలోనూ, జబ్బు తిరగబెట్టే అవకాశంలోనూ చాలా తేడా ఉంది. ఆ తేడాను రోగి, రోగి ఇంటివాళ్లు స్వయంగా పోల్చి చూసుకోవడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మా తమ్ముడికి పందొమ్మిదో ఏట ఈ ఆపరేషన్ జరిగింది. గాడి మధ్యలోనే కోసి, మధ్యలోనే కుట్టారు. పదకొండో రోజున కుట్లు విడిపోయాయి, మూడు నెలలు డ్రెస్సింగ్ చేయించాం, ఏడాది తిరగకుండానే పక్కన మళ్లీ చీము పట్టింది. రెండోసారి వేరే చోట ఫ్లాప్ ఆపరేషన్ చేయించాకే మానింది. మొదటిసారి మేం డాక్టరును అడిగిన ప్రశ్న ఒక్కటే, ఖర్చు ఎంతవుతుందని. కుట్టు ఎక్కడ పడుతుందని కూడా అడగాలని మాకు అప్పుడు తెలియదు.

ఆ గాడిలోనే ఎందుకు వస్తుంది

ఆపరేషన్లను పోల్చాలంటే ముందు జబ్బు ఎలా పుడుతుందో తెలియాలి. 1880లో అమెరికా సర్జన్ రిచర్డ్ హాడ్జెస్ దీనికి పైలోనిడల్ అన్న పేరు పెట్టాడు. వెంట్రుకల గూడు అని ఆ లాటిన్ మాటకు అర్థం. చాలాకాలం దీనిని పుట్టుకతో వచ్చే లోపంగా భావించి, చర్మం కింద సొరంగాల్లా సాగే దారులన్నింటినీ సమూలంగా తీసేయాలన్న పట్టుదలతో సర్జన్లు ఎముక దాకా లోతుగా కోసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 80 వేల మంది అమెరికా సైనికులు ఈ జబ్బుతో ఆస్పత్రుల్లో చేరారు. సగటున ఒక్కొక్కరు 55 రోజులు అక్కడే ఉండవలసి వచ్చింది. కుదుపుల వాహనాల్లో గంటల తరబడి కూర్చునేవారికి ఎక్కువగా వస్తోందని దీనికి జీపు జబ్బు అన్న పేరు కూడా పడింది.

1946లో లండన్‌లో పేటీ, స్కార్ఫ్ అనే ఇద్దరు వైద్యులు ఒక మంగలి చేతి వేళ్ల సందులో ఇలాంటి వెంట్రుకల గూడునే గమనించారు. వేళ్ల సందులో పుట్టుకతో ఇలాంటి లోపం ఉండే అవకాశం లేదు కాబట్టి, ఊడిన వెంట్రుకలు బయటి నుంచి చర్మంలోకి గుచ్చుకుపోవడమే అసలు కారణమన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. ఆ తరువాత గ్రీసు సైనిక సర్జన్ కరిడాకిస్ దీనిని మూడు అంశాలుగా వివరించాడు: ఊడిన వెంట్రుక, దానిని లోపలికి నెట్టే ఒత్తిడి, దానికి చోటిచ్చే మెత్తబడిన చర్మం. వెంట్రుక మీద ఉండే సన్నని పొలుసులన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. పొలం గట్టున నడిచినప్పుడు పంచె అంచుకు గుచ్చుకున్న గడ్డిగింజ కదిలినకొద్దీ లోపలికే వెళ్లినట్టు, వెంట్రుక కూడా కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా ముందుకే జరుగుతుంది. వెనక్కి రాదు.

గాడి లోతుగా, చెమటతో తడిగా, గాలి ఆడకుండా ఉంటుంది కాబట్టి అక్కడి చర్మం నాని మెత్తబడుతుంది. అదే గాడి అడుగున పెద్ద గాయం చేసి, ఆ గీత మీదే కుట్లు వేస్తే, ఆ కుట్టు మచ్చకు కూడా అవే వెంట్రుకలు, అదే చెమట, అదే లాగుడు ఎదురవుతాయి. ఆపరేషన్ల మధ్య కనిపించే తేడాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ముందు మీరు ఏ స్థితిలో ఉన్నారో తేల్చుకోండి

బెజ్జాలు ఉన్నాయి గానీ నొప్పి, వాపు, చీము ఎన్నడూ లేవంటే ఆపరేషన్ అక్కర్లేదు. ఆ చోట వెంట్రుకలు లేకుండా, శుభ్రంగా, పొడిగా ఉంచుకుంటూ గమనించుకుంటే సరిపోతుంది. వేరే పనికి చేసిన పరీక్షలో ఇది బయటపడిందని కంగారుగా ఆపరేషన్‌కు సిద్ధపడవద్దు.

కూర్చోలేనంత నొప్పి, ఎర్రటి వాపు, జ్వరం ఉంటే అది చీముగడ్డ. అప్పుడు చేయవలసిన పని చీము తీయించడం ఒక్కటే. యాంటీబయాటిక్ మాత్రలు మాత్రమే వేసుకుంటూ వాయిదా వేస్తే గడ్డ తనంతట తానే పగులుతుంది లేదా మరింత లోతుకు పాకుతుంది. చీము తీయడానికి పెట్టే గాటు గాడి మధ్యలో కాకుండా పక్కకు ఉంటే గాయం త్వరగా మానుతుందని సర్జన్లు గమనించారు కాబట్టి ఆ మాట ముందే అడగవచ్చు. చీము పట్టి ఉన్న రోజునే ఫ్లాప్ వంటి పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోవలసిన అవసరం లేదు. వాపు తగ్గి, కొన్ని వారాలు గడిచాక మళ్లీ చూపించుకుంటే అప్పుడు నిజంగా ఎంత జబ్బు మిగిలిందో తెలుస్తుంది. కొందరికి ఆ తరువాత ఏ ఆపరేషనూ అవసరం రాదు.

చీము ఆగి ఆగి వస్తూ, బెజ్జాలు మానకుండా ఉంటే అది దీర్ఘకాలిక స్థితి. ఎంపిక అనే మాటకు అసలు అర్థం వచ్చేది ఇక్కడే. గాడిలో రెండు మూడు బెజ్జాలు, వాటి కింద చిన్న గూడు మాత్రమే ఉన్నవారికీ, పిరుదు పక్కకు కూడా దారులు పాకి రెండో వైపు నోళ్లు తెరుచుకున్నవారికీ, ఇదివరకే ఆపరేషన్ అయ్యి మళ్లీ వచ్చినవారికీ ఒకే ఆపరేషన్ తగదు. కాబట్టి మీ సర్జన్‌ను బెజ్జాలు ఎన్ని, పక్క దారులు ఉన్నాయా, అవి మలద్వారానికి ఎంత దూరంలో ఉన్నాయి అని అడిగి, ఆ వివరాలను ఓపీ చీటీ మీద రాయించుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు అవి ఎంతో పనికివస్తాయి.

చాలామంది విషయంలో పరీక్ష చేసి చూడటంతోనే ఈ జబ్బును గుర్తుపట్టవచ్చు. అయితే దారి మలద్వారం వైపు సాగితే అది భగందరం, అంటే ఫిస్టులా కావచ్చు. చంకల్లో, గజ్జల్లో కూడా ఇలాంటి గడ్డలు పదేపదే వస్తుంటే అది వేరే చర్మవ్యాధి కావచ్చు. మన దేశంలో మానని పుండు అనగానే క్షయను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు, లేదా తిరగబెట్టిన జబ్బు ఎంత దూరం పాకిందో తెలియనప్పుడు ఎంఆర్ఐ అడగడం సమంజసం. ఆపరేషన్‌లో తీసిన ముక్కను బయాప్సీకి పంపమని తప్పక చెప్పండి. ఏళ్ల తరబడి వదిలేసిన సైనస్‌లో చాలా అరుదుగా క్యాన్సర్ బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

పెద్ద ఆపరేషన్లు

మొదటిది, కోసి మధ్యలోనే కుట్టడం. జబ్బు భాగాన్ని కోలగా కోసి తీసి, రెండు అంచులనూ దగ్గరకు లాగి గాడి మీదే కుడతారు. చేయడం సులువు, సమయం తక్కువ, గాయం మూసుకుపోయి కనిపిస్తుంది కాబట్టి రోగికి కూడా మొదట్లో తృప్తిగా ఉంటుంది. కానీ కుట్లు లాగుడు మీద ఉంటాయి, గాడి అలాగే మిగులుతుంది, మచ్చ దాని అడుగున ఉంటుంది. మా ఇంటి అనుభవాన్ని పక్కన పెట్టి చూసినా, దీనిని మొదటి ఎంపికగా సూచించడానికి నాకు కారణం కనిపించదు. వేర్వేరు అధ్యయనాల ఫలితాలను కలిపి బేరీజు వేసిన 2010 నాటి కాక్రేన్ సమీక్ష కూడా కుట్టాలనుకుంటే మధ్య గీతకు పక్కన కుట్టడమే ప్రామాణిక పద్ధతి కావాలని తేల్చింది.

రెండోది, కోసి తెరిచి ఉంచడం. జబ్బు భాగాన్ని తీసేసి, గాయాన్ని కుట్టకుండా అడుగు నుంచి నెమ్మదిగా పూడనిస్తారు. మధ్యలో కుట్టిన దానికంటే ఇది తక్కువగా తిరగబెడుతుంది, కుట్లు విడిపోతాయన్న భయం ఉండదు. కానీ గాయం మానడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ కాలమంతా రోజూ డ్రెస్సింగ్ చేయాలి, ఆ చోటు రోగి చేతికి అందదు, కంటికి కనబడదు. ఇంట్లో రోజూ డ్రెస్సింగ్ చేసే మనిషి ఉన్నారా, లేక దగ్గరలో నర్సు దొరుకుతారా అన్న ప్రశ్నకు సమాధానం లేకుండా దీనికి ఒప్పుకోకూడదు. హాస్టల్లో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థికీ, బయటి ఊళ్లో ఒంటరిగా ఉద్యోగం చేసుకునే అమ్మాయికీ ఇది చాలా కష్టం. గాయం అంచులను అడుగుకు కుట్టి పుండు పరిమాణాన్ని తగ్గించే మార్పు ఒకటి ఉంది. దానితో కొంత త్వరగా మానుతుంది గానీ డ్రెస్సింగ్ మాత్రం తప్పదు.

మూడోది, కుట్టును గాడి నుంచి పక్కకు జరిపే ఆపరేషన్లు. వీటినే వాడుకలో ఫ్లాప్ అంటారు. వీటిలో మూడు పేర్లు మీకు తరచుగా వినిపిస్తాయి.

కరిడాకిస్ పద్ధతిలో కోసే కోలాకారం మధ్య గీత మీద కాకుండా ఒక పక్కకు ఉంటుంది. గాడి వైపు అంచును కింద నుంచి విడదీసి, అవతలి పక్కకు లాగి కుడతారు. దాంతో కుట్టు గీత పక్కకు జరుగుతుంది, గాడి లోతు కూడా తగ్గుతుంది. ఆయన 1992లో ప్రచురించిన వ్యాసంలో 6,545 మంది రోగుల అనుభవాన్ని చెబుతూ, తిరగబెట్టినది నూటికి ఒకటి కంటే తక్కువని రాశాడు. ఒక సైనిక సర్జన్ జీవితకాలం ఒకే ఆపరేషన్‌ను సాధన చేస్తే వచ్చే ఫలితం అది, అందరి చేతిలోనూ అదే అంకె రాదు. అయినా ఆ సూత్రం సరైనదని తరువాత వచ్చిన అధ్యయనాలు చూపించాయి.

క్లెఫ్ట్ లిఫ్ట్ అన్నది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు సర్జన్ జాన్ బాస్కమ్ రూపొందించిన పద్ధతి. ఇది కూడా అదే కుటుంబానికి చెందుతుంది. లోపలి కొవ్వును పెద్దగా తీయకుండా, చర్మాన్ని పలుచగా విడదీసి, గాడిని పైకి లేపి చదును చేయడం ఇందులో ప్రధానం. ఒకటి రెండు ఆపరేషన్లు విఫలమై, ఏళ్ల తరబడి పుండు మానని వారికి ఇది బాగా పనికివస్తుంది. దీనిని తరచుగా చేసే సర్జన్లు మన దగ్గర తక్కువమందే, కాబట్టి అనుభవం గురించి అడగడం ఇక్కడ మరీ ముఖ్యం.

లింబర్గ్ ఫ్లాప్ మన జిల్లా కేంద్రాల్లో, బోధనాస్పత్రుల్లో ఎక్కువగా చేసే ఫ్లాప్. సోవియట్ సర్జన్ లింబర్గ్ ముఖానికి చేసే శస్త్రచికిత్సల కోసం రూపొందించిన జ్యామితి ఇది. జబ్బు భాగాన్ని వజ్రం ఆకారంలో, 60, 120 డిగ్రీల కోణాలతో కొలిచి గీసి కోసి తీస్తారు. పిరుదు పక్క నుంచి అదే కొలత గల చర్మాన్ని, కొవ్వును ఒక వైపు అతికి ఉండగానే తిప్పి ఆ ఖాళీలో అమరుస్తారు. వెడల్పుగా పాకిన జబ్బుకు ఇది మంచి పరిష్కారం, లాగుడు లేకుండా గాయం మూసుకుంటుంది. లోపాలు కూడా తెలుసుకోవాలి. మచ్చ పెద్దది, పిరుదు ఆకారంలో తేడా కనిపిస్తుంది, ఆ భాగంలో కొన్నాళ్లు స్పర్శ తగ్గుతుంది, ఫ్లాప్ కొన నల్లబడటం, కింద ద్రవం చేరడం వంటివి కొందరికి జరుగుతాయి. వజ్రపు కింది కొన గాడి మధ్యలోనే పడితే తిరగబెట్టడం అక్కడి నుంచే మొదలవుతుందని గమనించి, ఆ కొనను పక్కకు జరిపే మార్పు తెచ్చారు. కాబట్టి లింబర్గ్ అన్నప్పుడు కింది కొన ఎక్కడ పడుతుందని అడగండి. మామూలుగా ఈ మూడు ఆపరేషన్లకూ వెన్నుకు మత్తు ఇచ్చి, రోగిని బోర్లా పడుకోబెట్టి చేస్తారు. ద్రవం బయటకు పోవడానికి చిన్న గొట్టం కొన్ని రోజులు ఉంచవచ్చు. కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తారు.

చిన్న గాటుతో చేసేవి

జబ్బు చిన్నదిగా ఉన్నప్పుడు పెద్ద కోత అన్యాయం. 1980లో బాస్కమ్ చూపించిన పిట్ పికింగ్‌లో ప్రతి బెజ్జాన్నీ బియ్యపు గింజంత ముక్కగా తీసేసి, పక్కన వేరే గాటు పెట్టి లోపలి గూటిని, వెంట్రుకలను శుభ్రం చేస్తారు. ఆ చోటికి మాత్రమే మత్తు ఇస్తే చాలు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు, కొద్ది రోజుల్లో పనిలో చేరవచ్చు. ఇజ్రాయెల్‌కు చెందిన గిప్స్, ఆయన సహచరులు గుండ్రటి చిన్న పనిముట్టుతో బెజ్జాలను తొలిచి తీసే పద్ధతిని 1,358 మందిలో అనుసరించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది గడిచేసరికి 6.5 శాతం మందిలో, పదేళ్లు గడిచేసరికి 16.2 శాతం మందిలో తిరగబెట్టింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లాప్ కంటే తిరగబెట్టడం ఎక్కువే, అయినా విఫలమైనవారు పోగొట్టుకున్నది చాలా కొద్ది, ఆ తరువాత ఫ్లాప్ చేయించుకునే దారి వారికి తెరిచే ఉంటుంది. రెండు మూడు బెజ్జాలున్న ఇరవై ఏళ్ల యువకుడికి మొదట ఇదే సరైనదని నా అభిప్రాయం.

ఫినాల్ చికిత్స 1960ల నుంచి ఉన్నదే. వెంట్రుకలను లాగి తీసేసి, చుట్టూ చర్మానికి పూత పూసి కాపాడుకుంటూ, లోపలి దారిలో ఫినాల్ అనే ఘాటైన రసాయనాన్ని పెడతారు. ఖర్చు తక్కువ, కొందరికి ఒకటికంటే ఎక్కువసార్లు చేయాలి, చర్మం మీద పడితే కాలుతుంది. టర్కీ సర్జన్లకు ఇందులో అనుభవం ఎక్కువ, మన దగ్గర చేసేవారు అరుదు.

ఎండోస్కోపీ పద్ధతిలో సన్నని దుర్భిణిని బెజ్జం గుండా పంపి, వెంట్రుకలను కళ్లతో చూస్తూ తీసి, దారి గోడలను కాలుస్తారు. లేజర్ పద్ధతిలో సన్నని ఫైబర్‌ను దారి లోపలికి పంపి, చుట్టూ వేడి విడుదల చేస్తూ వెనక్కి లాగుతారు, దారి ముడుచుకుని మూసుకుంటుంది. రెండింటిలోనూ నొప్పి తక్కువ, గాయం చిన్నది. కానీ ఫ్లాపులకు ఉన్నంత దీర్ఘకాల సమాచారం వీటికి ఇంకా పోగుపడలేదు. లోపల వెంట్రుకలు మిగిలిపోతే ఏ లేజరూ నిలబడదు.

లేజర్ అన్న మాట బోర్డు మీద ఉన్నప్పుడు అది మూడు వేర్వేరు పనుల్లో దేనిని సూచిస్తోందో అడిగి తెలుసుకోవాలి. దారి లోపల ఫైబర్‌తో కాల్చడం ఒకటి, మామూలు కోతనే కత్తికి బదులు లేజర్‌తో కోయడం రెండోది, పై వెంట్రుకలను శాశ్వతంగా తగ్గించడానికి చర్మవైద్యులు చేసేది మూడోది. రెండోదానిలో కుట్టు ఎక్కడ పడుతుందన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది, పనిముట్టు మారినంత మాత్రాన సమాధానం మారదు.

ఆయుర్వేద శల్యవైద్యులు క్షారసూత్రం కూడా వాడతారు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారాన్ని దారిలోకి ఎక్కించి, వారం వారం మారుస్తూ, అది నెమ్మదిగా కోసుకుంటూ మానేటట్టు చేస్తారు. భగందరం విషయంలో దీనిని పరిశోధకులు బాగా పరీక్షించారు, పైలోనిడల్ సైనస్ విషయంలో ఉన్నవి చిన్న అధ్యయనాలే. చేయించుకోదలిస్తే శల్యతంత్రంలో పీజీ చేసిన వైద్యుల దగ్గరే చేయించుకోండి. మొలలకు, ఫిస్టులాకు ఇంజెక్షన్ వేస్తామనే అర్హత లేనివారి దగ్గరకు మాత్రం వెళ్లకండి.

అంకెలను ఎలా చదవాలి

విజయం 98 శాతం అని ఎవరైనా చెబితే, ఎన్నేళ్ల తరువాత లెక్కపెట్టారని అడగండి. ఈ జబ్బు ఐదేళ్లకు, పదేళ్లకు కూడా తిరిగి వస్తుంది, ఆరు నెలలకే లెక్క ముగిస్తే ప్రతి ఆపరేషనూ గొప్పగానే కనిపిస్తుంది. సుమారు 90 వేల మంది రోగుల సమాచారాన్ని కలిపి చేసిన ఒక విశ్లేషణ 2018లో వెలువడింది. అందులో కరిడాకిస్, బాస్కమ్ తరహా ఆపరేషన్ల తరువాత రెండేళ్లకు 0.6 శాతం, లింబర్గ్ తరహా తరువాత 1.8 శాతం తిరగబెట్టగా, మధ్యలో కుట్టిన వారిలో ఇరవై ఏళ్ల నాటికి ఆ సంఖ్య 67.9 శాతం దాకా చేరింది. ఈ రెండు లెక్కల కాలవ్యవధి వేరు కాబట్టి నేరుగా తూకం వేయకూడదు, కాని ఏ పద్ధతి కాలానికి నిలబడటం లేదో అర్థం చేసుకోవడానికి ఇవి చాలు.

తిరగబెట్టే శాతం ఒక్కటే కొలబద్ద కాకూడదు. బెజ్జం చిన్నదైతే రెండు శాతం లాభం కోసం పిరుదంతా కోయించుకోవడం తగదు, పక్కకు పాకిన జబ్బుకు చిన్న గాటు చాలదు. ఒక కాగితం మీద మీకు సూచించిన ప్రతి ఆపరేషన్‌కూ ఎదురుగా కుట్టు పడే చోటు, డ్రెస్సింగ్ అవసరమైన వారాలు, పనికి పోలేని రోజులు, విఫలమైతే తరువాత మిగిలే దారి అన్న నాలుగింటినీ రాసుకోండి. ఆటో నడిపే మనిషికి పనికి పోలేని రోజులు అన్నింటికంటే బరువైనవి. పోలీసు, సైనిక ఉద్యోగాల శారీరక పరీక్షలకు సిద్ధమవుతున్న వారికి గాయం పూర్తిగా మానే తేదీ ముఖ్యం. ఇంటి నుంచి పనిచేయగల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొన్ని వారాల డ్రెస్సింగ్‌ను ఓర్చుకోగలడు, కానీ రోజుకు పది గంటలు కూర్చోవడాన్ని మాత్రం ఎలాగూ మార్చుకోవలసిందే.

సర్జన్‌ను అడగవలసినవి

నాకు ఈ ఆపరేషన్‌నే ఎందుకు సూచిస్తున్నారు, మీరు గత ఏడాది ఇలాంటివి ఎన్ని చేశారు, కుట్లు విడిపోతే ఏం చేస్తారు అని సర్జన్‌ను మర్యాదగా అడగడం తప్పు కాదు. ప్రతి సర్జన్‌కూ చేయి తిరిగిన పద్ధతి ఒకటి ఉంటుంది. బాగా వచ్చిన లింబర్గ్, కొత్తగా నేర్చుకుంటున్న క్లెఫ్ట్ లిఫ్ట్ కంటే మేలు. ప్రశ్న అడిగినందుకు విసుక్కునేవారి దగ్గర తొందరపడవద్దు, చీముగడ్డ లేనంతవరకు ఈ జబ్బులో రెండో అభిప్రాయానికి వ్యవధి ఉంటుంది.

ఖర్చు గురించి కూడా ముందే స్పష్టం చేసుకోండి. ఆరోగ్య బీమా పాలసీల్లో కొన్ని జబ్బులకు నిర్ణీత నిరీక్షణ కాలం ఉంటుంది, ఈ జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో చూడాలి. లేజర్ ఫైబర్ వంటి ఒకసారి వాడి పారేసే సామగ్రికి బీమా చెల్లిస్తుందో లేదో ముందస్తు అనుమతిలోనే తేలాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఆస్పత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో ఆపరేషన్ పేరు చెప్పి, అది వర్తిస్తుందో లేదో తెలుసుకున్నాకే చేరాలి. డ్రెస్సింగుల ఖర్చును లెక్కలో కలపడం చాలామంది మరిచిపోతారు. తెరిచి ఉంచిన గాయానికి మూడు నెలల డ్రెస్సింగ్, రాకపోకలు, పోయిన జీతం కలిపి చూస్తే, చవక అనుకున్నది చవక కాకపోవచ్చు.

ఆపరేషన్‌కు ముందూ తరువాతా

పొగ తాగేవారు కనీసం కొన్ని వారాల ముందే మానేయాలి, ఫ్లాప్‌కు నెత్తురు సరిగా అందకపోవడానికి పొగాకు ఒక పెద్ద కారణం. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. ఫ్లాప్ తరువాత కుట్లు గట్టిపడేదాకా గొంతుక్కూర్చోవడం వల్ల గాయం మీద లాగుడు పడుతుంది కాబట్టి, ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే కమోడ్ కుర్చీని ముందే సిద్ధం చేసుకోండి. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, పండ్లు, నీళ్లు, అవసరమైతే ఇసబ్గోల్ తీసుకోవాలి. ఎలా పడుకోవాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్నది ఆపరేషన్‌ను బట్టి మారుతుంది, ఆ రెండు విషయాలూ డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. మోటార్ సైకిల్ ఎక్కడానికి సర్జన్ అనుమతి కోసం ఆగండి. జ్వరం వచ్చినా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగినా, దుర్వాసనతో ద్రవం కారినా, ఫ్లాప్ రంగు నల్లబడినా మరుసటి అపాయింట్‌మెంట్ దాకా వేచి ఉండకుండా అదే రోజు వెళ్లి చూపించాలి.

వెంట్రుకల సంగతి ఏ ఆపరేషన్ చేయించుకున్నవారికైనా వర్తిస్తుంది. 2023లో అమెరికాలో 11 నుంచి 21 ఏళ్ల మధ్య వయసున్న 302 మందిపై జరిగిన అధ్యయనంలో, మామూలు జాగ్రత్తలకు లేజర్ వెంట్రుకల తొలగింపును జోడించినవారిలో ఏడాదిలో తిరగబెట్టినది 10.4 శాతమైతే, జోడించని వారిలో 33.6 శాతం. స్తోమత ఉన్నవారు గాయం మానాక చర్మవైద్యుల దగ్గర దీనిని చేయించుకోవడం మంచిది. ఏళ్ల తరబడి రేజరుతో గీయడం వల్ల మేలు కంటే కీడే జరుగుతున్నట్టు జర్మనీలో జరిగిన ఒక అధ్యయనంలో కనిపించింది, కాబట్టి ఇంట్లో ట్రిమ్మర్ వాడటమే నయం.

గూటిలో దొరికే వెంట్రుకలు నడుము దగ్గరివే అనుకుంటాం. వాటిలో చాలావరకు తల వెనుక భాగం నుంచి రాలిన కురచ వెంట్రుకలని జర్మన్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. కత్తిరించిన కొస పదునుగా ఉంటుంది, వీపు మీదుగా జారి గాడిలో చేరుతుంది. క్షవరం చేయించుకుని వచ్చినవారిని స్నానం చేయనిదే గడప దాటనివ్వని మన ఇళ్లలోని పాత అలవాటును ఈ జబ్బు ఉన్నవారు ఏ మినహాయింపూ లేకుండా పాటించాలి. సెలూన్ నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి రోజంతా కుర్చీలో కూర్చోకుండా, ముందు తల మీదుగా స్నానం చేసి, వీపు, నడుము, గాడి నీళ్లతో బాగా కడుక్కుని, పొడిగా తుడుచుకుని, బట్టలు మార్చుకోవాలి. నెలకోసారి ఇంట్లో నమ్మకమైనవారి చేత ఆ చోటును చూపించుకోవడం లేదా ఫోనుతో ఫొటో తీసి తామే చూసుకోవడం అలవాటు చేసుకుంటే, కొత్త బెజ్జం ఏర్పడినా బియ్యపు గింజంత ఉండగానే సర్జన్‌కు చూపించగలుగుతారు.